బేస్ పెట్టెలో పచ్చ తీగ

పనసవలస, అనంతగిరి మండలం
ఫిబ్రవరి 14

తమ్ముడు ప్రేమ్‌కు,

నాలుగు రోజులుగా, ముందు విశాఖ నుంచి, ఇప్పుడు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి నీకు ఫోన్ చేస్తున్నాను. రింగవుతోంది, నువ్వు ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. జగదీష్ వారానికి రెండుసార్లు అల్లం మూటలతో పార్వతీపురం మార్కెట్‌కు జీపు వేస్తాడు కదా, నీ షాపు ముందు ఆపి చేతికే ఇస్తానన్నాడు.

మీ బావ బతికారు. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాస్తున్నాను.

మొన్న ఆదివారం మా చర్చి సంఘం వార్షికోత్సవం. రెండో పాట సగంలో ఉంది. ఆయన ఎప్పటిలాగే బేస్ గిటార్ వాయిస్తున్నారు. నువ్వు డిసెంబరులో బాగుచేసి పంపిన ఆంప్ పెట్టె బరబరమని ఒక్కసారి మోగింది. కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత చప్పుడు లేదు. తబలా, కీబోర్డు నడుస్తూనే ఉన్నాయి. ఆయన ఎడమ చెయ్యి తీగల మీదే ఉంచి, బేస్ పోయిందని చెప్పడానికి కుడి చేత్తో మైకు పట్టుకున్నారు. అంతే, ఒళ్ళంతా బిగుసుకుపోయింది. వదలలేకపోయారు. పాటలో లీనమై ఊగుతున్నారని అనుకున్నాం ప్రేమ్. నేను కూడా అలాగే అనుకున్నాను.

బయట రంగు లైట్లు సర్దుతున్న సుక్రు పరుగున వచ్చి మెయిన్ లాగేశాడు. అప్పుడు ఆయన నేల మీద పడ్డారు. జగదీష్ జీపులోనే విశాఖ తీసుకెళ్ళాం. ఎడమ చేతి వేళ్ళ మీద తీగలు నాలుగు గీతలుగా కాలిపోయాయి. ఉంగరం వేలు తీసేశారు. పక్క రెండు వేళ్ళ సంగతి ఇంకా చెప్పలేమంటున్నారు. మరిది ఆసుపత్రిలో ఆయనకు తోడుగా ఉన్నాడు. నేను పిల్లల కోసం, బడి కోసం నిన్న తిరిగొచ్చాను.

ఇప్పుడు ఊళ్ళో గొడవ ఇంకొకటి. సంఘ పెద్ద ధనుంజయ్ గారు ఇదంతా సుక్రు చేశాడంటున్నారు. ఊరిలో కరెంటు పని చేసేది సుక్రు ఒక్కడే. మన సంఘంలోని వాడు కాదు. జనవరిలో వాళ్ళ కొండదేవత జాకరమ్మ పండుగప్పుడు మన స్పీకర్లు అటు తిప్పొద్దని తగాదా పడ్డాడు. ఆ ఉదయం చర్చి బోర్డు దగ్గర వైర్లు కలిపింది కూడా అతనే. "మెయిన్ ఎక్కడ లాగాలో అంత బేగి ఎలా తెలిసింది?" అని అడుగుతున్నారు. కాపాడిన పనే అతని మీద సాక్ష్యమైంది. మార్చి 2న ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని పోలీసు కంప్లయింట్ రాస్తారట.

సుక్రు మీద నాకూ కోపం ఉంది. కానీ తెలియకుండా ఒక మనిషిని జైలుకు పంపలేను. ఆ పెట్టె లోపలేముందో తెలిసినవాడివి నువ్వే. అది ఎందుకు పోయిందో చెప్పు.

అక్క
సరళ


పార్వతీపురం
ఫిబ్రవరి 18

అక్కా,

ఉత్తరం చదివి షాపు మూసేశాను. బావ అలా పడి ఉంటే నేనిక్కడ స్పీకర్లకు అతుకులు వేసుకుంటున్నానా అనిపించింది. ఫోన్ ఎత్తలేదంటే నీ మీద లెక్కలేక కాదు. పెళ్ళిళ్ళ సీజను, షాపు నిండా డీజే పెట్టెలు, మోతలో వినపడదు. ఆదివారాల ఆరాధనకి కూడా వెళ్ళలేకపోతున్నాను.

ఆంప్ సంగతి. చూడకుండా ఏదీ గట్టిగా చెప్పలేం. నా దగ్గర నుంచి వెళ్ళినప్పుడు శుభ్రంగా ఉంది, నువ్వే విన్నావు కదా, క్రిస్మస్‌కి ఎంత బాగా మోగిందో. అలాంటి పెట్టె ఉన్నట్టుండి పోయిందంటే మామూలుగా వైరింగులోనే తప్పుంటుంది. పల్లెల్లో జరిగేది ఒకటే. బోర్డులో ఫ్యూజు పోతూ ఉంటే విసుగొచ్చి, సన్న తీగ తీసేసి లావు రాగి తీగ చుట్టేస్తారు. అప్పుడు ఎంత కరెంటు వచ్చినా ఫ్యూజు తెగదు. మనిషి మీదకే వస్తుంది. చర్చి బోర్డులో పింగాణీ ఫ్యూజు ఊడదీసి చూడు. తీగ లావుగా ఉంటే సమాధానం దొరికినట్టే. పెద్దలకు చూపించు.

ఇంకొక మాట. పెట్టె మాత్రం ఎవరూ తెరవకండి. లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, ప్రమాదం. జగదీష్ చేత నాకు పంపించు. నేనే చూస్తాను.

బావకి నా మాటగా ధైర్యం చెప్పు.

ప్రేమ్


పనసవలస
ఫిబ్రవరి 21

ప్రేమ్,

ఫ్యూజు చూశాను. ఒక్కదాన్నే చూడలేదు, సుక్రుని పిలిచి చూశాను. అతన్ని చర్చి గడప తొక్కొద్దని పెద్దలు చెప్పారు, తాళం చెవి మా ఇంట్లో ఉంటుంది.

నేను పిలవలేదు నిజానికి. అతని భార్య చిట్టెమ్మ బడి వదిలేవేళకి వచ్చి గేటు దగ్గర నిలబడింది. "టీచరమ్మా, మా ఆయన మూడు దినాల నుంచి కూడు ముట్టడం లేదు. నానేటి సేసినాను, నానేటి సేసినాను అని అదే మాట. మీరు తిట్టండి, కొట్టండి, గానీ ఒక్కసారి ఆ బోర్డు సూడనివ్వండి" అంది. భర్తని పోగొట్టుకోబోయిన దాన్ని నేను. నా ముందు ఆమె ఏడుస్తోంది. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియలేదు.

తాళం తీశాను. సుక్రు లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు. "రా" అంటే వచ్చాడు. ఫ్యూజు తనే ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. తీగ తలవెంట్రుకంత సన్నం. "నాను లావు తీగ ఎప్పుడూ కట్టను టీచరమ్మా. ఐటీడీఏ వోళ్ళు పాడేరులో కరెంటు పని నేర్పినప్పుడు మొదటి దినం అదే సెప్పినారు" అన్నాడు. ఆ రోజు నుంచి బోర్డు ముట్టిన వాళ్ళు లేరు, తాళం నా దగ్గరే ఉంది. కాబట్టి తర్వాత మార్చాడనడానికి లేదు.

నాకు అర్థం కానిది ఒకటి. తీగ అంత సన్నగా ఉంటే మీ బావ ఒంట్లోంచి అంత కరెంటు పోతుంటే ఎందుకు తెగలేదు?

పెట్టె నీకు పంపనన్నారు ధనుంజయ్ గారు. పోలీసులు వచ్చేదాకా కదపొద్దట.

విశాఖ నుంచి కబురు: ఆ పక్క రెండు వేళ్ళలో ఒకటి నిలబడుతుందట. బావ మాత్రం ఎవరితోనూ మాట్లాడటం లేదట.

సరళ


పార్వతీపురం
ఫిబ్రవరి 24

అక్కా,

నీ ప్రశ్న మంచిదే. జవాబు ఇది. ఫ్యూజు తెగాలంటే కరెంటు భూమిలోకి ఒక్క ఉదుటున పోవాలి. దానికి దారి ఎర్త్. గోడ ప్లగ్గులో మూడు రంధ్రాలుంటాయి చూడు, పైన ఉన్న పెద్దది ఎర్త్. దాని వెనక తీగ భూమిలో పాతిన గొట్టం దాకా వెళ్ళాలి. చాలా చోట్ల ఆ రంధ్రం ఉత్తదే, వెనక ఏమీ ఉండదు. ఉందని చెప్పి సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోతారు. మీ చర్చిలోనూ అదే అయి ఉంటుంది. ఎర్త్ లేకపోతే తప్పు నూటికి నూరుపాళ్ళూ వైరింగు చేసినవాడిదే.

పరీక్ష సులువు. హోల్డరులో బల్బు పెట్టి, ఒక తీగ ప్లగ్గులో కరెంటు వచ్చే రంధ్రంలో, ఇంకొకటి పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టాలి. బల్బు వెలగకపోతే ఎర్త్ లేదు. నువ్వు చెయ్యకు, తెలిసినవాళ్ళ చేత చేయించు, కానీ సుక్రు చేత వద్దు. తన తప్పు తనే చూపిస్తాడా? మార్చి 2 లోపు చూసి పెద్దలకు చెప్పెయ్యి. అంతటితో అయిపోతుంది.

పోలీసులకంటే ముందు నేను చూస్తే నయం కదా అక్కా. పెట్టెని ఎలాగైనా జగదీష్ జీపులో ఎక్కించు. ధనుంజయ్ గారికి నేను రాశానని చెప్పు. ఎవరినీ స్క్రూలు విప్పనివ్వకు.

ప్రేమ్


పనసవలస
ఫిబ్రవరి 27

ప్రేమ్,

బల్బు వెలిగింది.

పరీక్ష చేసింది జగదీష్. సుక్రు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. వంద వాట్ల బల్బు, ఇంట్లో వెలిగినట్టే నిండుగా వెలిగింది. సుక్రు మమ్మల్ని చర్చి వెనక్కి తీసుకెళ్ళాడు. నిమ్మచెట్టు పక్కన ఇనప గొట్టం. బొగ్గు, ఉప్పు వేసి మనిషి లోతు గొయ్యి తవ్వాడట, ఎండాకాలం దాంట్లో నీళ్ళు కూడా పోస్తున్నాడట. "రాయి అడ్డం తగిలితే గునపం ఇరిగిపోనాది. అయినా తవ్వినాను" అన్నాడు. వాళ్ళ దేవుడు కాదు, వాళ్ళ గుడి కాదు. మనిషి లోతు తవ్వాడు.

ఫ్యూజు మంచిదే, ఎర్త్ మంచిదే. ఇంక మిగిలింది పెట్టె. నువ్వు తెరవొద్దని రెండు ఉత్తరాల్లో రాశావు. ప్రమాదమని మొదటిసారి రాశావు. రెండోసారి కారణం రాయలేదు. నేను పదేళ్ళుగా పిల్లల హోమ్‌వర్కులు దిద్దుతున్నాను ప్రేమ్. ఏ గుంటడు ఏ పేజీ చెయ్యి అడ్డం పెట్టి దాస్తాడో నాకు తెలుసు.

ఇవాళ మధ్యాహ్నం తెరిచాం. పద్దెనిమిది రోజులైంది ప్లగ్గు తీసి, నిలవ కరెంటేమీ ఉండదన్నాడు సుక్రు. వెనక రేకు విప్పాడు. వైరు లోపలికి వెళ్ళే చోట రేకు కంతకి రబ్బరు లేదు. బేస్ అదురుకి వైరు రేకు అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని, ఎర్ర తీగ తోలు ఊడి రాగి బయటపడింది. అక్కడ రేకు నల్లగా మాడి ఉంది. ఆ వైరులో మూడో తీగ, పచ్చది, రేకుకి బిగించి ఉండాలట. అది లేదు. కత్తిరించి ఉంది.

సుక్రు టార్చి దానిమీద పెట్టి పట్టుకున్నాడు, అంతే.

తెగింది కాదు. కత్తెరతో నున్నగా కోసి, కొసకి నల్ల స్లీవు వేసి వేడి చేసి మూసి ఉంది. మా ఇస్త్రీ పెట్టెకి నువ్వు వేసినట్టే. ఈ కొండల్లో అలాంటి స్లీవు ఎవరి దగ్గరా లేదు.

ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఆదివారం. జగదీష్ రేపు పొద్దున్నే వస్తాడు, సాయంత్రం తిరిగొస్తాడు. అతని చేతికి జవాబు ఇవ్వు. ఆ తీగ ఎవరు కోశారు?

సరళ


పార్వతీపురం
ఫిబ్రవరి 28

అక్కా,

నేనే.

జగదీష్ జీపు ఆపుకుని బయట కూర్చున్నాడు. ఇంతకుముందులా ఆలోచించి మలిచి రాయడానికి టైము లేదు, అదీ మంచిదే.

డిసెంబరులో మీరు పెట్టె వెనక్కి పంపినప్పుడు కంప్లయింట్ ఒకటే, మైకులన్నీ కలిపే మిక్సరుకి వైరు కలపగానే గుయ్‌మని మోత. పెట్టెకి ఒక ఎర్త్, మిక్సరుకి ఒక ఎర్త్, రెండూ కలిస్తే మోత వస్తుంది. క్రిస్మస్‌కి నాలుగు రోజులుంది. పచ్చ తీగ కోసేశాను. మోత పోయింది. ధనుంజయ్ గారు ఫోన్ చేసి, మీ చేతుల్లో దేవుడున్నాడు అన్నారు. రబ్బరు బుష్ ఊడిపోయి ఉండటం కూడా అప్పుడే చూశాను. తర్వాత వేద్దామనుకున్నాను.

ఆ తీగ కోయకూడదని తెలియక కాదు. ఐటీఐలో మొదటి వారం చెప్పేది అదే.

ఆ రోజు జరిగింది ఇదీ. ఎర్ర తీగ రేకుకి తగిలింది. పచ్చ తీగ ఉంటే కరెంటు దాని వెంట సుక్రు తవ్విన గోతిలోకి పోయి, బోర్డులో ఫ్యూజు ఆ క్షణమే తెగేది. పాట ఆగేది, అంతే. పచ్చ తీగ లేదు కాబట్టి కరెంటు మిక్సరు వైరు వెంట పోబోయింది. ఆ దారి సన్నది, పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు మీద రాగి గీత కాలిపోయింది. మీకు వచ్చిన వాసన అదే. ఆ తర్వాత కరెంటుకి దారి లేదు. రేకులో, గిటార్ తీగల్లో నిలబడి ఉంది. మిక్సరు ఎర్త్‌కి కలిసి ఉన్న మైకుని బావ పట్టుకోగానే ఆయన ఒంట్లోంచి దారి దొరికింది. ఫ్యూజు తెగేంత కరెంటు మనిషి ఒంట్లోంచి పోదు. నీ ప్రశ్నకి జవాబు అది. మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. ఫోన్ మోగినప్పుడే తెలుసు, బావ పడిపోయిన సంగతి ఆ ఆదివారం సాయంత్రమే నీ మరిది ఫోన్ చేసి చెప్పాడు.

ఫ్యూజు లావుగా ఉండాలని కోరుకున్నాను. బల్బు వెలగకూడదని కోరుకున్నాను.

ఈ కాగితం ఆదివారం అందరి ముందు చదివించు. సుక్రు తప్పు ఒక్కటి కూడా లేదు.

ప్రేమ్‌కుమార్


పనసవలస
మార్చి 5

ప్రేమ్,

చదివాను. ఇంకొకరి చేత చదివించలేదు, నేనే నిలబడి చదివాను. పెద్దలు పిలిపించిన సుక్రు కూడా అక్కడే ఉన్నాడు. "ఫోన్ మోగినప్పుడే తెలుసు" అన్న చోట ఆగాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

తర్వాత ధనుంజయ్ గారు కళ్ళజోడు తుడుచుకుని, "సరే సుక్రూ, నీ తప్పు లేదని తేలింది. ఇంక ఇంటికెల్లు" అన్నారు.

సుక్రు కదల్లేదు.

"ఎల్లమంటే ఎల్తాను. మూడు వారాలు నన్ను దొంగని సూసినట్టు సూసినారు. బడిలో నా గుంటని కరెంటు పెట్టి సంపబోయినోడి కూతురన్నారు. కాయితం సదివేస్తే అయిపోనాదా? నన్ను నలుగురిలో నిలబెట్టి అడిగినారు. ఆ బాబుని కూడా ఈ నలుగురిలోనే నిలబెట్టండి. ఆ నోటితోనే సెప్పాల."

ధనుంజయ్ గారు తల వంచుకున్నారు. వచ్చే ఆదివారం నువ్వు రావాలని తీర్మానమైంది.

సోమవారం విశాఖ వెళ్ళాను. మీ బావకి కాగితం ఇవ్వలేదు, నోటితో చెప్పాను. గోడవైపు తిరిగారు. నిన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. భోజనం తినిపించాక, నా వైపు చూడకుండానే అడిగారు.

"మీ తమ్ముడు ఇంకెన్ని పెట్టెలకి ఇలా తెంపినాడో అడిగినావా?"

అడగలేదు. నాకు తట్టనే లేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

సరళ


పార్వతీపురం
మార్చి 7

అక్కా,

ఏడు.

ఆ సంగతి ఒప్పుకున్న ఉత్తరంలో కూడా రాయలేదు. అడగరనుకున్నాను.

నిన్నటి నుంచి అందరికీ ఫోన్లు చేస్తున్నాను. ఐదుగురు ఎత్తారు, ప్లగ్గు తీసి పక్కన పెట్టమన్నాను. సాలూరు వైపు ఒక చర్చి ఎత్తడం లేదు. పాడేరులో పెళ్ళి బ్యాండు వాళ్ళ నంబరు మారిపోయింది. ఆదివారం పనసవలస వచ్చి నిలబడతాను. అక్కడి నుంచి నేరుగా వీటికి బయలుదేరతాను.

ప్రేమ్


పాడేరు బస్టాండు
మార్చి 16

అక్కా,

పనసవలసలో నేను చెప్పింది నువ్వు విన్నావు, మళ్ళీ రాయను. నువ్వు చూడనిది రాస్తాను.

ఆ రోజు నేను రోడ్డు మీదకి దిగేసరికి సుక్రు అక్కడ నిలబడి ఉన్నాడు. చంకలో సంచి, అందులో బల్బు, హోల్డరు. "నానూ వత్తాను" అన్నాడు. ఎందుకన్నాను. "నువ్వు కట్టినానంటే నాను నమ్మను. బల్బు ఎట్టి సూత్తాను." అంతే.

ఆరు పెట్టెలు అయ్యాయి. నేను పచ్చ తీగ బిగించడం, కొత్త బుష్ వేయడం, అతను నన్ను పక్కకి నెట్టి పరీక్ష చేయడం. సాలూరు చర్చిలో నేను బిగించిన స్క్రూ వదులుగా ఉందని విప్పించి మళ్ళీ బిగించమన్నాడు. నిజంగానే వదులుగా ఉంది.

ఏడోది పెళ్ళి బ్యాండుది. నిన్నంతా పాడేరులో వెతికితే, ఇవాళ పొద్దున్న ఊరవతల పెళ్ళిలో ఉన్నారని తెలిసింది. ఆటో దిగేసరికే పాట మొదలైంది. బేస్ వాయించేవాడు, వాడి పక్కన మౌనిక అనే పాడే గుంట, ఇద్దరికీ ఒకటే మైకు. ఆ అమ్మాయి వాడి భుజం మీద చెయ్యి వేసి మైకు అందుకోబోతోంది. నేను జనంలోంచి పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. బ్యాండు మాస్టరు నా కాలరు పట్టుకున్నాడు. పెళ్ళివాళ్ళు నాలుగు తగిలించారు. నేను ఆపమనలేదు. సుక్రు ఎవరితోనూ వాదించకుండా పెట్టె బోర్లించి రేకు విప్పి, "ఇలా రండి, సూడండి" అన్నాడు. ఎర్ర తీగ తోలు సగం ఒరుసుకుపోయి ఉంది. ఇంకా తగల్లేదు. ఇంకెన్ని పాటలకి తగిలేదో తెలియదు. మాస్టరు నా కాలరు వదిలేశాడు. ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తోంది.

తీగ మార్చాం, పచ్చది బిగించాం, బల్బు వెలిగింది. మిక్సరు వైరు కలపగానే గుయ్‌మని మోత వచ్చింది. "ఈ మోతతో పెళ్ళేటి?" అన్నాడు మాస్టరు. అప్పుడు సుక్రు, "ఆ వైరు కలపకపోతే ఏటవుద్ది? ఓ మైకు పెట్టె ముందు ఎట్టుకోండి" అన్నాడు. పెట్టి చూశాం. మోత లేదు. బేస్ శుభ్రంగా వచ్చింది.

అక్కా, నాకు ఆ సంగతి తెలుసు. ఐదు నిమిషాల పని. డిసెంబరులో మీకు ఫోన్‌లో చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అలా చెబితే పెట్టె నేను బాగుచేసినట్టు ఉండదు కదా. దానికోసం బావ వేలు పోయింది.

సుక్రు అనంతగిరి బస్సెక్కాడు. వెళ్ళేముందు, "ఆ నల్ల స్లీవులు ఏ కొట్లో దొరుకుతాయి?" అని అడిగాడు. నా దగ్గరున్న కట్ట ఇవ్వబోతే తీసుకోలేదు. కొట్టు పేరు రాయించుకున్నాడు.

నేను ఇక్కడి నుంచి విశాఖ బస్సెక్కుతున్నాను. నీ మరిది నెలకు పైగా కాఫీ తోట పని వదులుకుని ఉన్నాడు, అతన్ని ఇంటికి పంపేస్తాను. బావ లోపలికి రమ్మంటే వెళ్తాను. వద్దంటే వరండాలో కూర్చుంటాను. ఆయనకి అన్నం కలిపి పెట్టడానికి, చొక్కా గుండీలు పెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి. తిట్టడం మొదలుపెడితే నీకు రాస్తాను.

ప్రేమ్